జైలు మీటింగులు, పెద్దయ్యగారి ఉత్తరాలు

నా ఇరవైల్లో చాలా శనివారాలు జైల్లోనే గడిచాయి. కంగారు పడకండి, మధ్యాహ్నం లోపలికి పోయి సాయంత్రానికి బయటపడే బాపతు. మా చర్చిలో ఒక పెద్దాయన ఉండేవారు, జీవితమంతా మిషనరీగా పనిచేసి రిటైరయ్యారు, ఇంక హాయిగా ఇంట్లో కూర్చోండి అని అందరూ అంటే కాలు నిలవక వాళ్ళావిడా ఆయనా కలిసి జైలు పరిచర్య, అంటే జైలుకెళ్ళి ఖైదీలకి పాటలు, ప్రసంగాలతో దేవుడి మాట చెప్పడం, మొదలుపెట్టారు. అందరికీ ఆయన పెద్దయ్యగారు, ఆవిడ అమ్మగారు. పాటలకి గిటార్ వాయించే కుర్రాడు ఎవడైనా కావాలని వెతుకుతుంటే నేను దొరికాను. నిజం చెప్పాలంటే ఆ వయసులో నాకు దేవుడి మీద కన్నా గిటార్ మీదే భక్తి ఎక్కువ, జైలు లోపల ఎట్లా ఉంటుందో చూడాలనే కుతూహలం అంతకన్నా ఎక్కువ.

జైలు పరిచర్య అనగానే బయటివాళ్ళకి ప్రసంగాలు, కన్నీళ్ళు, సాక్ష్యాలు గుర్తొస్తాయేమో గానీ నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది స్టేపుల్ పిన్నులు. ఇనుప ముక్క అనేది లోపలికి పోకూడదు కదా, మరి మనం పంచే చిన్న పుస్తకాలన్నిటికీ నడుమ రెండేసి పిన్నులు ఉంటాయి. అందుకని శుక్రవారం సాయంత్రం అమ్మగారి వరండాలో కూర్చుని అవన్నీ పీకడం నా డ్యూటీ. నెయిల్ కట్టర్ మొనతో పిన్ను రెండు కాళ్ళూ పైకి లేపి, పుస్తకం తిరగేసి, వెనక నుంచి ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది, కొన్ని మొండి పిన్నులు మాత్రం సగంలో విరిగి వేలికి గుచ్చుకునేవి. పీకిన పుస్తకం అమ్మగారి వైపు తోస్తే ఆవిడ అదే కన్నాల్లోంచి దారం పోనిచ్చి ముడేసేవారు. పిన్నులన్నీ ఒక రేకు డబ్బాలో వేసి చివర్లో లెక్కపెట్టేవాళ్ళం, ఒక్కటి తక్కువైనా పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తిప్పాల్సిందే. బైబిళ్ళు కూడా గట్టి అట్టవి పనికిరావు, అట్ట పొరల్లో ఏమైనా దాస్తారని, మెత్త అట్టవే తేవాలి. సువార్త ప్రకటించడంలో ఇంత కుట్టుపని ఉంటుందని నాకెవరూ ముందు చెప్పలేదు.

ఇంక గేటు దగ్గర. పెద్ద గేట్లో చిన్న తలుపు ఉంటుంది చూడండి, ఎంతటివాడైనా తల వంచి దూరాల్సిందే. రిజిస్టర్లో పేరు, టైము, సంతకం. ఫోను, పర్సు, తాళాలు, బెల్టు అన్నీ అక్కడే వదిలెయ్యాలి. చేతి మీద ఒక స్టాంపు వేసేవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు అది చూపిస్తేనే బయటికి. మొదట్లో చెమటకి అది ఎక్కడ చెరిగిపోతుందోనని నేను ఆ చెయ్యి దేనికీ తగలనివ్వకుండా పైకెత్తి పెట్టుకుని తిరిగేవాడిని, అది చూసి లోపలివాళ్ళు ఒకటే నవ్వు. "తమ్ముడూ, చెరిగిపోతే పోనీ, మాతోనే ఉండిపోదువులే, గిటార్ నేర్పిద్దువు" అని.

గిటార్ చెకింగ్ ఇంకో తతంగం. వార్డర్ గారు టార్చి వేసి దాని బొక్కలోకి తొంగిచూసి, తీగలు వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టి రిజిస్టర్లో రాసేవాడు, గిటార్ ఒకటి, తీగలు ఆరు. స్పేర్ తీగలకి పర్మిషన్ లేదు. ఒకసారి పాట మంచి ఊపులో ఉండగా సన్న తీగ టంగుమని తెగింది, తెగడం కూడా రెండు చోట్ల తెగి మధ్య ముక్క ఎటో ఎగిరిపోయింది. బయట అయితే నవ్వుకుని వదిలేస్తాం. అక్కడ మాత్రం పాట ఆగిపోయింది, ప్రసంగం ఆగిపోయింది, ఆ వేలెడు తీగ దొరికేదాకా ఎవ్వరూ కదలడానికి లేదు, వార్డర్ మొహం పాలిపోయింది ఎందుకంటే అది దొరక్కపోతే ముందు అతని పీక మీదికే వస్తుంది. హాల్లో ఉన్న ఖైదీలందరూ నేల మీద మోకాళ్ళ మీద పడి వెతుకుతున్నారు, వాళ్ళతోపాటు పెద్దయ్యగారు కూడా పంచె పైకి ఎగ్గట్టి వెతుకుతున్నారు. చివరికి దాన్ని పట్టుకున్నది ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని ఒక మనిషి, గోడకీ నేలకీ మధ్య పగుల్లో ఇరుక్కుంటే గోటితో తీసి, నాకు కాదు, తిన్నగా వెళ్ళి వార్డర్ చేతిలో పెట్టాడు. ఆ వార్డర్ అతనికి థాంక్స్ చెప్పాడు. యూనిఫాం వేసుకున్నాయన ఖైదీకి థాంక్స్ చెప్పడం నేను చూసింది అప్పుడే. రిజిస్టర్లో మాత్రం "తీగలు ఐదు, ముక్కలు మూడు" అని రాసుకున్నారు, ఆ ఎంట్రీ చూస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది అనుకోండి.

పెద్దయ్యగారి రూల్స్ జైలు రూల్స్ కన్నా కచ్చితంగా ఉండేవి. ఏం చేసి లోపలికొచ్చావని ఎవర్నీ అడక్కూడదు, వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినాలి, విన్నది గేటు దాటాక మర్చిపోవాలి. ఏదీ లోపలికి తేకూడదు, ఏదీ బయటికి మొయ్యకూడదు. చెయ్యలేని పనికి మాట ఇవ్వకూడదు, "వచ్చే వారం వస్తాను" అని కూడా తేలిగ్గా అనకూడదు. వస్తే రా, అంతే, చెప్పి రాకపోతే మాత్రం నువ్వు మర్చిపోయిన వారాన్ని వాళ్ళు రోజు రోజుగా లెక్కపెట్టుకుంటారు అనేవారు.

అన్నిటికన్నా నాకు వింతగా అనిపించింది ఆయన మీటింగ్ మొదలుపెట్టే పద్ధతి. లేచి నిలబడి ముందు చెప్పే మాట ఇదీ: "ఇక్కడ కూర్చోవాలని రూలేం లేదు బాబూ. వినబుద్ధి కానివాళ్ళు లేచి పోవచ్చు, నేనేం అనుకోను, ఎవరి పేరూ రాసుకోను." అనేసి నిజంగానే కాసేపు ఆగేవారు, లేచేవాళ్ళు లేవడానికి. కొందరు లేచి పోయేవాళ్ళు కూడా! వేరే మతం వాళ్ళు, ఏ మతమూ అక్కర్లేని వాళ్ళు, ఊరికే ఫ్యాన్ కింద కూర్చోవడానికి వచ్చి ఆ మాట వినగానే మొహమాటపడి లేచినవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది, ఇంత కష్టపడి పిన్నులు పీకి వస్తే ఈయనే పంపించేస్తున్నాడేంటి అని. ఒకరోజు అడిగేశాను. "నా ప్రసంగం బోరు కొడితే బయటవాళ్ళు ఇంటికి పోతారు, లేదంటే నిద్రపోతారు. వీళ్ళు ఎక్కడికి పోతార్రా? పోవడానికి చోటు లేనోడికి చెప్తే అది సువార్త అవదు, శిక్షలో ఇంకో శిక్ష అవుద్ది" అన్నారు. లేచి వెళ్ళిపోయిన వాళ్ళు తర్వాతి వారం ఎదురుపడితే ఆయనే ముందు నమస్కారం పెట్టేవారు. వాళ్ళలో ఒకాయన అయితే మీటింగ్‌కి ఒక్కసారి కూడా కూర్చోలేదు గానీ పెద్దయ్యగారు వచ్చేసరికి గుమ్మం దగ్గర నిలబడి కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పోయేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఇది ఆయన మంచితనం ఒక్కటే కాదు, రాసిపెట్టి ఉన్న నియమమే అని. ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి 2015లో నెల్సన్ మండేలా పేరు మీద సవరించిన నియమాలు ఉన్నాయి, అందులో 65వది ఏం చెప్తుందంటే ఏ ఖైదీ అయినా తన మతపెద్దను కలుసుకుంటానంటే కాదనకూడదు, అట్లాగే మతపెద్ద రావడం నాకిష్టం లేదని ఖైదీ అంటే ఆ మాటనీ పూర్తిగా గౌరవించాలి. 1955 నాటి పాత నియమాల్లోనూ ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి సగం చూపించి పర్మిషన్ అడిగే బోధకులు చాలామంది ఉన్నారు, రెండో సగం గట్టిగా చదివి వినిపించేవాళ్ళు తక్కువ, నేను చూసినంతలో.

ప్రసంగాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే పుస్తకం, 16వ అధ్యాయం. జైలుకెళ్ళే ప్రతి బోధకుడూ చెప్పే కథే అది, పౌలు, సీల అనే ఇద్దరు తొలినాటి క్రైస్తవ బోధకులను ఫిలిప్పీ పట్టణంలో బెత్తాలతో కొట్టి లోపలి చెరసాలలో వేసి కాళ్ళకి బొండ, అంటే కదలనివ్వని కొయ్య, బిగిస్తే మధ్యరాత్రి వాళ్ళు పాటలు పాడుతుంటారు, ఖైదీలు వింటుంటారు, భూకంపం వస్తుంది, తలుపులన్నీ తెరుచుకుంటాయి, సంకెళ్ళు ఊడిపోతాయి. చర్చిలో ఇది చెప్తే అందరూ "హల్లెలూయా" అంటారు. జైల్లో చెప్తే వెనకనుంచి ఒకడు "మరి ఎవడూ పారిపోలేదా అయ్యగారూ?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. వాళ్ళకి మాత్రం కథలో అసలు పాయింట్ అదే మరి! తలుపు తెరిచి ఉంటే లోపలే కూర్చున్నారా, ఏ జైలండీ అది, అని ఒకటే జోకులు. పెద్దయ్యగారు కూడా నవ్వి, సరే ఎందుకు పోలేదో చూద్దాం అని ముందుకెళ్ళారు. జైలు అధికారి నిద్రలేచి, తలుపులు తెరిచి ఉండటం చూసి, అందరూ పారిపోయారనుకుని కత్తి దూసి తనని తాను పొడుచుకోబోయాడు. ఎందుకంటే అంతకు కొన్ని అధ్యాయాల ముందే యేసు శిష్యుడు పేతురు జైల్లోంచి తప్పించుకుంటే హేరోదు రాజు కాపలావాళ్ళని చంపించాడు, ఆ కాలంలో ఖైదీ పోతే కాపలావాడి ప్రాణం పోతుంది. అప్పుడు పౌలు చీకట్లోంచి గట్టిగా అరిచాడు, నీకేం హాని చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం అని.

ఆ మాట దగ్గర నేను గిటార్ సర్దుకుంటూ పక్కకి చూస్తే తలుపు దగ్గర నిలబడ్డ వార్డర్, అదే తీగ వెతికించిన ఆయన, గోడకి ఆనుకున్నవాడల్లా నిటారుగా నిలబడి వింటున్నాడు. మీటింగ్ అయ్యాక పెద్దయ్యగారి దగ్గరికొచ్చి "అయ్యగారూ, ఆ జైలర్ కథ ఏ పుస్తకంలో ఉంది? మా సంగతి కూడా రాశారా అందులో?" అని అడిగాడు. ఆరోజు పంచినవాటిలో మిగిలిన చిన్న పుస్తకం ఒకటి ఆయన చేతిలో పెట్టారు. అతను మారాడని గానీ బాప్తిస్మం తీసుకున్నాడని గానీ నేను చెప్పబోవడం లేదు, అట్లాంటిదేం జరగలేదు, గేటు దగ్గర మా చెకింగ్ కూడా ఇసుమంతైనా తగ్గలేదు. కానీ నాకు ఆ కథ అప్పటిదాకా ఖైదీల కథ, ఆరోజు నుంచి కాపలావాడి కథ కూడా.

ఇంకో సంగతి. మేం ఇచ్చిన బైబిళ్ళు కొన్నాళ్ళకి తిరగేసి చూస్తే అన్నిటికీ చివర తెల్ల పేజీలు ఉండేవి కావు. బైబిలు కాగితం పల్చగా ఉంటుంది కాబట్టి ఖైదీలు పొగాకు చుట్టుకుని తాగేస్తారని ఒక మాట జైలు బోధకుల్లో ఎప్పట్నుంచో ఉంది, ఆ కథ నేను నాలుగైదు వెర్షన్లలో విన్నాను. నేనూ అదే అనుకున్నా. తీరా చూస్తే అచ్చు పడ్డ పేజీ ఒక్కటీ పోలేదు, ఖాళీవే పోయాయి. ఉత్తరాలకి! ఇంటికి రాయడానికి కాగితం కావాలి, ఉన్నదాన్లో మంచి కాగితం అదే. కొందరైతే అదే పేజీ మీద రెండు వైపులా, అంచుల్లో అడ్డంగా, ఇంకో చీమంత చోటు మిగలకుండా రాసేవాళ్ళు. చదువు రానివాళ్ళు నా పక్కన చేరి "తమ్ముడూ, నువ్వు రాసిపెట్టు, నేను చెప్తా" అనేవాళ్ళు. ప్రార్థన చెయ్యమని అడిగినవాళ్ళ కన్నా ఉత్తరం రాయమని అడిగినవాళ్ళే నాకు ఎక్కువ. రాసిపెట్టడానికి పర్మిషన్ ఉంది, తీసుకెళ్ళి పోస్ట్ చెయ్యడానికి లేదు, అది జైలు ఆఫీసులో ఇవ్వాలి, వాళ్ళు చదివాకే పోతుంది. అందుకని మొదటి లైను ఎప్పుడూ "నేను క్షేమం" అనే ఉండేది, రెండో లైనుకి ఏం చెప్పాలో తెలియక చాలాసేపు ఆగిపోయేవాళ్ళు. ఒకాయన పదేళ్ళ కూతురికి రాయిస్తూ, నేను చాలా దూరంలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాను అని రాయమన్నాడు. నేను పెన్ను ఆపి పెద్దయ్యగారి వైపు చూశాను. ఆయన ఆలోచించి, "అబద్ధం అక్కర్లేదు, నిజమంతా కూడా అక్కర్లేదు, నువ్వు గుర్తొస్తున్నావు అని రాయించు ముందు" అన్నారు. అతను ఆ ఒక్క ముక్కే చెప్పి ఇంక చాల్లే అన్నాడు.

ఉత్తరాలంటే పెద్దయ్యగారికి ఎందుకంత ఇష్టమో గానీ ఆయన చెప్పే కథలన్నిట్లో ఏదో ఒక ఉత్తరం వచ్చేది. హెన్రీ గెరెకె అని అమెరికా సైన్యంలో లూథరన్ పాస్టర్, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1945లో ఆయనకి జర్మనీలోని న్యూరెంబర్గ్ జైల్లో డ్యూటీ వేశారు, ఎవరికి బోధించడానికంటే నాజీ పెద్ద తలకాయలకి. గోరింగ్, రిబ్బెన్‌ట్రాప్, కైటెల్, అట్లాంటివాళ్ళు. వాళ్ళ సెల్ తలుపు తీయించుకుని లోపలికెళ్ళి చెయ్యి కలిపేవాడట, దానికే తర్వాత ఇంటి దగ్గర తిట్లు పడ్డాయి. మధ్యలో పాస్టర్ గారు ఇంటికి వెళ్ళిపోతున్నారని పుకారు పుడితే ఆ ఖైదీలంతా కలిసి ఆయన భార్యకి ఉత్తరం రాశారు, మీ ఆయన్ని ఇంకొన్నాళ్ళు మా దగ్గర ఉండనివ్వండమ్మా అని, 21 మంది సంతకాలు పెట్టి. ఆవిడ ఏళ్ళ తరబడి మొగుడి మొహం చూసి ఎరగదు, అయినా ఉండమనే చెప్పింది. ఆయన చివరిదాకా ఉన్నాడు, 1946 అక్టోబర్‌లో ఉరికంబం దాకా వాళ్ళతో నడిచాడు.

ఇదే కథ మీద పెద్దయ్యగారికీ అమ్మగారికీ నా ముందే వాదన జరిగేది. ఉరికి ముందు సాయంత్రం గోరింగ్ ప్రభురాత్రి భోజనం, అంటే క్రీస్తుని నమ్మినవాళ్ళు ఆయన జ్ఞాపకంగా తీసుకునే రొట్టె, ద్రాక్షారసం, అడిగాడు, క్రీస్తుని నమ్మకుండానే, దేనికైనా మంచిది ఇవ్వండి అన్నట్టు. గెరెకె ఇవ్వనన్నాడు. ఆ రాత్రే గోరింగ్ సైనైడ్ మింగి చచ్చిపోయాడు. పెద్దయ్యగారు ఆయన చేసింది కరెక్టే అనేవారు, నమ్మనివాడికి ఇస్తే అది నాటకం అవుతుంది, చావబోయేవాడితో నాటకమాడకూడదు అని. అమ్మగారు దారం పళ్ళతో కొరుకుతూ "ఇచ్చేసుండాల్సింది. లోపల ఏముందో ఆయనకేం తెలుసు, మీకేం తెలుసు" అనేవారు. ఇద్దరూ ఒక్క అంగుళం కూడా తగ్గలేదు ఎప్పుడూ. నాకు అమ్మగారి మాటే నచ్చేది, ఇప్పుడు వయసు మీదపడ్డాక పెద్దయ్యగారి మాట కూడా అర్థమవుతోంది.

అమ్మగారు వెళ్ళేది ఆడవాళ్ళ వైపుకి. అటు మాకు ఎంట్రీ లేదు కాబట్టి ఆవిడ చెప్పగా విన్నదే. ఆవిడకి ఎలిజబెత్ ఫ్రై అంటే ప్రాణం. 1813లో లండన్ న్యూగేట్ జైల్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ గొడ్లలాగా కుక్కి ఉంచిన చోటికి క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన ఈ గృహిణి నడిచి వెళ్ళింది, 1817లో ఇంకొందరు ఆడవాళ్ళని కూడగట్టి సంఘం పెట్టింది, పిల్లలకి బడి, తల్లులకి కుట్టుపని, అందరికీ బైబిలు చదివి వినిపించడం. అమ్మగారు చెప్పినదాంట్లో నాకు నచ్చిందేంటంటే అక్కడ రూల్స్ పెట్టేటప్పుడు ఒక్కో రూలూ చదివి ఖైదీల చేత చేతులెత్తించి ఒప్పుకున్నాకే పెట్టారు, జైల్లో ఉన్నవాళ్ళని ఇది మీకు సమ్మతమేనా అని అడగడం ఆ రోజుల్లో ఊహకి కూడా అందని సంగతి. తర్వాత శిక్షపడి ఓడల్లో ఆస్ట్రేలియా పంపే ఆడవాళ్ళకి గుడ్డ ముక్కలు, సూది, దారం ఇచ్చి పంపేవాళ్ళు. 1841లో రాజా అనే ఓడలో వెళ్ళినవాళ్ళు ఆ ముక్కలన్నీ కలిపి పెద్ద బొంత కుట్టి, దాని మీద దారంతోనే కృతజ్ఞతలు రాసి ఆ సంఘం ఆడవాళ్ళకి పంపారు, ఆ బొంత ఇప్పటికీ ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. అమ్మగారు కూడా లోపల కుట్టుపని పెట్టించాలని తిరిగి తిరిగి, సూది అనే మాట వినగానే ఆఫీసులో తల అడ్డంగా ఊపితే, చివరికి క్రోషియా పుల్లతో, అదీ ప్లాస్టిక్ పుల్లతో, సరిపెట్టుకున్నారు. లెక్క ప్రకారం ఇచ్చి లెక్క ప్రకారం వెనక్కి తీసుకోవాలి. బైబిలు సంగతి ఎప్పుడు చెప్తారమ్మా అంటే "అల్లుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి, అప్పుడు చెప్తా" అనేవారు.

మాలాగా వచ్చే టీములు వేరేవి కూడా ఉండేవి. పెద్ద స్పీకర్లు, కెమెరా పర్మిషన్ కోసం గేటు దగ్గర గొడవ, క్రీస్తుని నమ్ముతామని ఒకే మీటింగ్‌లో ఎంతమంది చేతులెత్తారో రాసుకుని పోవడం, మళ్ళీ పత్తా ఉండకపోవడం. పేర్లు అనవసరం. చెయ్యెత్తినవాడిని తర్వాతి వారం పలకరిస్తే "ఎత్తమన్నారు ఎత్తాం అన్నా, పాపం అంత దూరం నుంచి వచ్చారు" అన్నాడు ఒకడు, జాలిపడ్డది ఎవరి మీదో చూడండి.

అయితే అవతలి అనుమానం కూడా ఉంది, లోపల దేవుడి పేరెత్తేవాళ్ళంతా మంచి ప్రవర్తన రిపోర్టు కోసమేనని, త్వరగా వదిలేస్తారనే ఆశతోనని. ఉండరా అంటే ఉంటారు, మేమూ చూశాం, బెయిల్ రాగానే బైబిలు మంచం మీదే వదిలేసి పోయినవాళ్ళు ఉన్నారు. పెద్దయ్యగారు దీనికి ఎప్పుడూ చార్లెస్ కోల్సన్ పేరు తెచ్చేవారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దగ్గర పనిచేసి, ఆ ప్రభుత్వాన్నే కుదిపేసిన వాటర్‌గేట్ కుంభకోణంలో ఇరుక్కున్నాయన, కేసు నెత్తిన ఉండగా నేను క్రీస్తుని నమ్ముకున్నాను అంటే జనం నవ్వారు, పత్రికల్లో కార్టూన్లు వేశారు. 1974లో జైలుకెళ్ళి ఏడు నెలలు ఉండి వచ్చి, 1976లో ప్రిజన్ ఫెలోషిప్ అని మొదలుపెట్టి, 2012లో చనిపోయేదాకా జైళ్ళ చుట్టూనే తిరిగాడు. "మొదటిరోజు చూసి ఎవడు చెప్పగలడు? ఎందుకొచ్చాడో అని తవ్వడం మన పని కాదు, వచ్చినవాడికి కుర్చీ వెయ్యడమే" అనేవారు పెద్దయ్యగారు.

కుర్చీ వెయ్యడం లోపల తేలికే. బయటే కష్టం. జైలు సంస్కరణ అంటే మొదట చెప్పుకునే జాన్ హోవర్డ్ 1773లో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాకి షెరిఫ్ అనే అధికారి అయి జైళ్ళు చూస్తే ఏం కనపడిందంటే, కోర్టు నిర్దోషులని వదిలేసినవాళ్ళు కూడా జైలరు ఫీజు కట్టలేక మళ్ళీ లోపలే ఉన్నారు. ఆ కాలం పోయిందిలే అనుకుంటాం గానీ మా మీటింగ్‌లోనే బెయిల్ వచ్చి కూడా జామీను ఉండేవాళ్ళు లేక నెలల తరబడి లోపలే ఉన్నవాళ్ళు కనపడేవాళ్ళు. పెద్దయ్యగారు లోపల ఎక్కువగా చెప్పింది ఫిలేమోను పత్రిక, బైబిల్లో ఒక్క అధ్యాయం మాత్రమే ఉన్న చిన్న ఉత్తరం. పౌలు తనే బంధకాల్లో ఉండి, తన దగ్గరికొచ్చి నమ్ముకున్న ఒనేసిము అనే బానిసని పాత యజమాని ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపుతూ రాశాడు, ఇతన్ని నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో, నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నా చేత్తో నేనే రాస్తున్నా, నేనే తీరుస్తా అని. జైల్లోంచి జామీను! లోపలివాళ్ళకి ఇది చెప్పగానే అర్థమయ్యేది, వివరణ అక్కర్లేదు. బయటవాళ్ళకే అర్థమయ్యేది కాదు.

వడ్రంగం లోపలే నేర్చుకున్న ఒకతను విడుదలై చర్చికొచ్చి సాక్ష్యం చెప్తే అందరూ కళ్ళు తుడుచుకున్నారు, ఎక్కువ తుడుచుకున్నది వడ్రంగం షాపు ఉన్న ఒక పెద్దమనిషి. పెద్దయ్యగారు వెళ్ళి వీడికి పని ఇవ్వవయ్యా అంటే "పని అంటే... ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారు కదా అయ్యగారూ" అని నసిగాడు. చర్చిలో కూడా ఆ విడుదలైన కుర్రాడి బెంచీలో ఎప్పుడూ చోటు మిగిలే ఉండేది, నేను చూసిందే చెప్తున్నా. పెద్దయ్యగారు ఇంటికొచ్చి కాగితం తీసుకుని ఫిలేమోను పత్రికే మళ్ళీ రాశారు ఒకరకంగా, ఇతని వల్ల నీకు ఏ నష్టం వచ్చినా నా లెక్కలో రాసుకో అని, కింద సంతకం, తేదీ. దాంతో షాపాయన తీసుకున్నాడు.

కొన్ని నెలలు బాగా చేశాడు అతను. ఒక రోజు పొద్దున చూస్తే అతనూ లేడు, పనిముట్ల పెట్టె కూడా లేదు. షాపాయన ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయన తిడతాడేమో, ఈయన ప్రసంగం చెప్తాడేమో అని నేను బిక్కచచ్చి కూర్చుంటే పెద్దయ్యగారు ఒక్క మాట మాట్లాడకుండా లోపలికెళ్ళారు, అమ్మగారు బీరువా తీసిన చప్పుడైంది, మొత్తం లెక్కకట్టి ఇచ్చేశారు. కట్టించుకున్నాయనకే ఎక్కువ ఇబ్బందిగా ఉన్నట్టుంది, కుర్చీ అంచున కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. వెళ్ళబోతుంటే పెద్దయ్యగారు ఆపి "వచ్చే నెల ఇంకొకడు విడుదలవుతున్నాడు, వాడికీ వడ్రంగమే వచ్చు" అన్నారు.

"మళ్ళీనా అయ్యగారూ!"

"నా బాకీ తీర్చేశాగా. కొత్త లెక్క మొదలుపెట్టుకో."

షాపాయన చాలాసేపు గడపలోనే నిలబడి, "అయితే ఈసారి పనిముట్ల లిస్టు ముందే రాయించుకుంటా మీ దగ్గర" అన్నాడు. రాయించుకున్నాడు కూడా. ఉలి, సుత్తి, రంపం, బాడిస అన్నీ వరసగా నా చేతే రాయించి, కింద పెద్దయ్యగారి సంతకం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ రెండో అతను విడుదలైన సోమవారమే పనిలో చేరాడు.